సాయంత్రమైతే వచ్చే రోగం

"పొద్దున్నంతా బాగానే ఉంటావు, సాయంత్రమైతే చాలు నీకు రోగం వస్తుంది."

ఈ మాట అన్నది నేనే. మా తోడికోడల్ని అన్నాను. అదీ చుట్టాల ముందు. రెండేళ్ళు దాటిపోయింది, అయినా దీపం పెట్టే వేళకి ఆ మాట నా చెవిలో మోగుతూనే ఉంటుంది. ఈరోజు అది రాసేయాలని కూర్చున్నాను. నా బరువు దించుకోవడానికి కొంత, మీలో ఎవరికైనా పనికొస్తుందని కొంత.

మాది నెల్లూరు నుంచి మైపాడు వెళ్ళే దారిలో, సముద్రానికి దగ్గర్లో ఉండే ఊరు. మామకి కొంచెం వరి పొలం, మా ఆయనకీ మరిదికీ కలిపి రెండు రొయ్యల గుంటలు. ఒకే ఇల్లు, ఒకే వంట. నేను పెద్ద కోడల్ని, ఆమె చిన్న కోడలు. నాకంటే ఎనిమిదేళ్ళు చిన్నది. పొద్దుటి వంట నాది, రాత్రి వంట ఆమెది. పెళ్ళయి వచ్చినప్పటి నుంచీ అదే లెక్క. పదేళ్ళు ఆ లెక్కలో ఏ తేడా రాలేదు.

తేడా 2023 సంక్రాంతికి వచ్చింది. అరిసెలు చేస్తున్నాం. నూనెలోంచి తీసినవి ఆమె చెక్కల మధ్య నొక్కాలి. మూడు వాయలు అయ్యేసరికి "అక్కా, చేతులు లేవడం లేదు" అని పక్కకి జరిగి కూర్చుంది. పండగ పని కదా, అలిసిపోయిందనుకున్నాను. తర్వాత మా అమ్మాయి జడ. రోజూ సాయంత్రం ట్యూషన్‌కి వెళ్ళే ముందు చిన్నమ్మే జడ వేసేది. సగం అల్లి వదిలేసి, "మీ అమ్మ దగ్గర వేయించుకో" అనడం మొదలుపెట్టింది.

ఆ తర్వాత ఒకటొకటే బయటపడ్డాయి. కానీ మాకు అవి జబ్బు లక్షణాల్లా కనపడలేదు, గుణంలా కనపడ్డాయి. అదే అసలు సంగతి.

సాయంత్రానికి కళ్ళు సగం మూతలు పడేవి. నిద్రమొహం అనుకున్నాం. మాట ముక్కుతో వచ్చేది. గారాలు పోతోందనుకున్నాం. అన్నం తినేటప్పుడు దవడ కింద చెయ్యి ఆనించుకుని నమిలేది. బుగ్గన చెయ్యి పెట్టుకుని కూర్చుంటే ఇంటికి అరిష్టం అని మా అత్త ఎన్నిసార్లు కసిరిందో లెక్కలేదు. మాంసం ముక్కలు పక్కకి తోసి పెరుగన్నం తిని లేచిపోయేది. "నేను చేసింది నీకు సయించదా" అని అత్తకి కోపం. అన్నిటికంటే ఘోరం, ఆమె నవ్వు. సాయంత్రం పూట నవ్వితే పెదవుల చివర్లు పైకి లేచేవి కావు. పైపెదవి మాత్రం లేచి, మనల్ని ఎగతాళి చేస్తున్నట్టు ఉండేది. మా అత్త మామతో, "చూడండి, నన్ను చూసి ఎట్టా మూతి తిప్పుతుందో" అనడం నేను విన్నాను. విని ఊరుకున్నాను. ఎందుకంటే నాకూ అట్లాగే అనిపించింది.

చూపించలేదని కాదు. కళ్ళ డాక్టరు దగ్గరికి వెళితే అద్దాలిచ్చారు. ఇంకొకాయన రక్తం తక్కువగా ఉందని మాత్రలు రాశారు. మరొకాయన బలానికి ఇంజెక్షన్లు వేసి, "ఇంట్లో ఏమన్నా గొడవలా?" అని మరిదిని అడిగారు. అది విన్నాక ఇంట్లో అందరికీ ఒక ధైర్యం వచ్చేసింది. జబ్బేమీ లేదు, మనసే బాగాలేదు అని. ఆమె పొద్దున లేచేసరికి ఎప్పటిలా చకచకా తిరిగేది. ముగ్గు వేసేది, బట్టలు ఉతికేది. అది చూసి, రాత్రిదంతా నాటకమే అనుకునేదాన్ని. ఎందుకంటే ఆమె వదిలేసిన రాత్రి వంట నా మీద పడింది.

మే నెల వచ్చింది. నెల్లూరు ఎండలు మీకు చెప్పక్కర్లేదు. ఎండ ముదిరే కొద్దీ ఆమెకి ఇంకా ఎక్కువైంది. ఒకరోజు మా ఆడబిడ్డ వాళ్ళు వచ్చారు. మామిడికాయ వేసి చేపల పులుసు పెట్టమంటే, ముక్కలు కడుగుతూ కడుగుతూ గిన్నె జారవిడిచింది. చేపలన్నీ నేలపాలు. అప్పుడన్నాను ఆ మాట. ఆమె ఏమీ అనలేదు. అనబోయింది, కానీ నాలుక తిరగలేదు. అది కూడా నేను పొగరే అనుకున్నాను.

నా కళ్ళు తెరిపించింది మా అమ్మాయి. జూన్‌లో ఒక రాత్రి కరెంటు పోతే పిలకాయలందరూ మిద్దె మీద పడుకున్నారు. మర్నాడు నాతో, "అమ్మా, చిన్నమ్మకి ఇద్దరు చందమామలు కనపడతారంట. ఒక కన్ను మూసుకుంటే ఒక్కడే అవుతాడంట" అంది. అది ఆటలాగా చెప్పింది. నేను ఆ రోజు సాయంత్రం వంటింట్లో చాటుగా చూశాను. ఆమె ఎడమ కంటి మీదికి పైటచెంగు లాక్కుని, ఒక్క కంటితో వంకాయలు తరుగుతోంది. వేళ్ళు తెగకుండా ఎన్నాళ్ళ నుంచి అట్లా తరుగుతోందో. ఎవరికీ చెప్పలేదు. చెప్తే ఎవరు నమ్ముతారు?

ఆ వారంలోనే నెల్లూరులో నరాల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను. కావాలనే సాయంత్రం అపాయింట్‌మెంట్ అడిగాను. ఆవిడ అంతా విని మొదట వేసిన ప్రశ్న ఏమిటో తెలుసా?

"పొద్దున బాగుండి, సాయంత్రానికి ఎక్కువవుతుందా?"

నేను తిట్టుగా అన్న మాటనే ఆవిడ ప్రశ్నగా అడిగారు. అంతే తేడా. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

రెప్ప వేయకుండా ఒక నిమిషం పైకి చూడమన్నారు. చూస్తుండగానే రెప్పలు షాపు షట్టర్లలా మెల్లగా దిగిపోయాయి. అప్పుడు ఒక చేతి తొడుగులో ఐసు ముక్కలు వేసి, ఎక్కువ వాలిన కంటి మీద రెండు నిమిషాలు పెట్టారు. తీసేసరికి ఆ రెప్ప లేచింది! రొయ్యల లోడుకి బండ్ల కొద్దీ ఐసు తోలే ఇల్లు మాది. ఆరు నెలల నుంచి మా ఇంట్లో కరిగిపోతున్న ఐసు ఈ జబ్బుని చెప్పగలదని మాకేం తెలుసు? చల్లదనానికి ఆ కండరాలకి కాసేపు శక్తి వస్తుందట. వేడికి ఎక్కువవుతుందట. మే నెలలో ఎందుకంత కష్టపడిందో అప్పుడు అర్థమైంది.

జబ్బు పేరు మయస్థీనియా గ్రేవిస్. నరం నుంచి కండరానికి కబురు అందాలంటే కండరం మీద కబురు అందుకునే చోట్లు ఉంటాయి. మన ఒంట్లో రోగాలతో పోరాడాల్సిన రక్షణ వ్యవస్థే పొరపాటు పడి, ఆ చోట్ల మీద దాడి చేస్తుంది. వాడే కొద్దీ కండరం అలిసిపోతుంది, విశ్రాంతి ఇస్తే తేరుకుంటుంది. అందుకే పొద్దున బాగుంటారు. మరిది పేరు విని, "అమితాబ్ బచ్చన్‌కి వచ్చిందే, అదేనా?" అన్నాడు. అవునన్నారు. 1982లో 'కూలీ' షూటింగులో దెబ్బ తిని బతికి బయటపడ్డాక ఆయనకి ఈ జబ్బు ఉన్నట్టు తేలింది. ఇన్నేళ్ళుగా ఆయన పని చేస్తూనే ఉన్నారు. ఆ మాటతో మా మరిది మొహంలోకి కాస్త రక్తం వచ్చింది.

రక్తపరీక్ష, నరానికి చిన్న చిన్న కరెంటు ఇచ్చి చేసే పరీక్ష, రెండూ అదే చెప్పాయి. తర్వాత ఛాతీకి సీటీ స్కాన్ రాశారు. "కళ్ళకి కదా జబ్బు, ఛాతీకెందుకమ్మా?" అంది మా అత్త. నాకూ అదే సందేహం.

గుండెకి ముందు, రొమ్ము ఎముక వెనక, థైమస్ అని ఒక గ్రంథి ఉంటుందట. చిన్న పిల్లల్లో పెద్దగా ఉండి, వయసొచ్చాక కరిగి కొవ్వుగా మారిపోతుంది. రక్షణ కణాలకి అది బడి లాంటిది. ఎవరు మనవాళ్ళు, ఎవరు పరాయివాళ్ళు అని అక్కడే నేర్చుకుని బయటికి వస్తాయి. టీ కణాలు అంటారే, ఆ 'టీ' అక్షరం థైమస్‌దే. ఇది దేనికి పనికొస్తుందో 1961 దాకా ప్రపంచానికే సరిగా తెలియదు. ఆ ఏడాది లండన్‌లో జాక్ మిల్లర్ అనే శాస్త్రవేత్త, అప్పుడే పుట్టిన ఎలుక పిల్లలకి ఆ గ్రంథి తీసేసి చూసి కనిపెట్టారు. ఆ బడిలోనే గడ్డ పుడితే చదువు చెడిపోతుంది. సొంతవాళ్ళ మీదికే కొట్లాటకి పోయే కణాలు బయటికి వస్తాయి. ఈ జబ్బున్న వందమందిలో పది పదిహేను మందికి అట్లాంటి గడ్డ ఉంటుంది కాబట్టి అందరికీ స్కాన్ తీస్తారట.

మావాళ్ళకి ఉంది. 5 సెంటీమీటర్లు. నిమ్మకాయంత. పేరు థైమోమా.

"క్యాన్సరా?" అని అడిగింది ఆమే. మేమెవరం ఆ మాట నోటితో అనలేకపోయాం. డాక్టరమ్మ దాచలేదు. "క్యాన్సర్ జాతిదే, కానీ చాలావరకు నెమ్మదిగా పెరిగేది. వదిలేస్తే పక్కనున్న ఊపిరితిత్తుల పొరకీ, గుండె పొరకీ పాకుతుంది. పూర్తిగా తీసేయగలిగితే చాలామంది బాగుంటారు" అన్నారు. ఆపరేషన్‌కి చెన్నై వెళ్ళమన్నారు.

చెన్నైలో సర్జన్ స్కాన్ చూసి కొన్ని విషయాలు చెప్పారు. అవి చాలామందికి తెలియవు కాబట్టి రాస్తున్నాను. స్కాన్‌లో స్పష్టంగా ఉండి, తీయడానికి వీలుగా కనపడితే ముందు సూదితో ముక్క తీయరు. గడ్డ చుట్టూ ఉన్న సంచి చిల్లు పడకూడదని. గడ్డ ఒక్కటే కాదు, థైమస్ మొత్తాన్నీ చుట్టూ ఉన్న కొవ్వుతో సహా తీస్తారు. పెద్దవాళ్ళకి అది లేకపోయినా గడిచిపోతుంది, దాని పని చాలావరకు చిన్నప్పుడే అయిపోతుంది. చిన్న గడ్డలైతే పక్క నుంచి రంధ్రాలు పెట్టి, కొన్నిచోట్ల రోబోతో కూడా తీస్తున్నారు. ఆమెది ఒక పెద్ద రక్తనాళానికి ఆనుకుని ఉంది కాబట్టి ఎముక తెరిచే చేయాలన్నారు. బాగా పాకిన గడ్డలకైతే ముందు కీమో ఇచ్చి కుదించి, తర్వాత ఆపరేషన్, ఆపైన రేడియేషన్ ఇస్తారట. ఆయన ఇంకో మాట కూడా చెప్పారు. 1936లో అమెరికాలో బ్లాలాక్ అనే సర్జన్, ఇదే జబ్బుతో ఉన్న ఒక అమ్మాయికి థైమస్ గడ్డ తీసేస్తే ఆమె కోలుకుంది. అక్కడి నుంచే ఈ దారి తెరుచుకుందట.

కానీ వెంటనే ఆపరేషన్ చేయలేదు. ముందు కండరాల బలం కుదుట పడాలి, లేకపోతే మత్తు తర్వాత ఊపిరి అందక వెంటిలేటర్ మీదే ఉండిపోవచ్చు. పిరిడోస్టిగ్మిన్ మాత్రలు, కొంచెం స్టీరాయిడ్ మొదలుపెట్టి, ఆపరేషన్ ముందు అయిదు రోజులు నరంలోకి ఇమ్యునోగ్లోబ్యులిన్ ఎక్కిస్తామన్నారు. ఆ మందు ధర వింటే మాకు కళ్ళు తిరిగాయి. గుంటలో రొయ్య ఇంకా కౌంటుకి రాలేదు. నా గాజులు తాకట్టు పెట్టాం. ఇది గొప్పకి చెప్పడం లేదు. ఆ గాజుల చేతులతోనే కదా ఆమె మీదికి వేలు చూపించింది.

ఆ రోజు తిరిగి వచ్చేటప్పుడు సాయంత్రం రైలు. గూడూరు దాటాక బోగీలో జనం తగ్గారు. మరిది తలుపు దగ్గర నిలబడ్డాడు. నేను ఆమె చెయ్యి పట్టుకుని, "ఆ రోజు చేపల పులుసు అప్పుడు అట్టా అన్నాను, తప్పయిపోయిందమ్మీ" అన్నాను. ఇంకా ఏవేవో చెప్పాలనుకున్నాను, గొంతు పెగల్లేదు.

ఆమె కాసేపు కిటికీలోంచి చూసి, ముక్కుతో వచ్చే ఆ గొంతుతోనే, "నువ్వు అబద్ధమేం చెప్పలేదు గదక్కా. సాయంత్రమైతే రోగమొచ్చేది నిజమే గదా" అంది. అని నవ్వింది. అదే నవ్వు. ఎగతాళిలా ఉండే నవ్వు. ఆ నవ్వులో ఏమీ లేదని, అది పైకి లేవలేని నవ్వు మాత్రమేనని తెలిసి చూడటం అదే మొదటిసారి.

జులై చివర్లో మొహర్రం వచ్చింది. నెల్లూరు స్వర్ణాల చెరువు దగ్గర బారాషహీద్ దర్గాలో రొట్టెల పండగ మీకు తెలిసే ఉంటుంది. ఏదైనా కోరుకుని, అంతకు ముందు ఆ కోరిక తీరినవాళ్ళ దగ్గర చెరువు నీళ్ళలో నిలబడి రొట్టె తీసుకుంటారు. తీరితే మరుసటి ఏడాది వచ్చి ఇంకొకరికి ఇస్తారు. చదువు రొట్టె, పెళ్ళి రొట్టె, ఉద్యోగం రొట్టె, ఇట్లా. మా అత్త మోకాళ్ళ నొప్పులతో ఆ జనంలో దిగి, ఆరోగ్య రొట్టె అడిగి తెచ్చింది. ఇంటికొచ్చి చిన్న కోడలికి మెత్తగా పాలలో నానబెట్టి తినిపించింది. నోటితో ఒక్క మాట అనలేదు. మా అత్త క్షమాపణ అదే.

ఆగస్టులో ఆపరేషన్. నాలుగు గంటల పైన పట్టింది. మర్నాడు సాయంత్రం నన్ను లోపలికి పంపారు. నోట్లో గొట్టం తీసేశారు కానీ మాట్లాడొద్దన్నారు. అట్ట మీద కాగితం పెట్టి పెన్ను ఇస్తే, "టైమెంతక్కా?" అని రాసింది. ఆరున్నర అని చెప్పాను. కళ్ళు రెండూ పూర్తిగా తెరుచుకుని ఉన్నాయి. అది ఆపరేషన్ మహిమ కాదు, ముందు ఎక్కించిన మందు బలమని తర్వాత డాక్టరు చెప్పారు. ఏదైతేనేం, ఆరున్నరకి ఆమె కళ్ళు తెరుచుకుని ఉండటం చూసి ఏడు నెలలైంది.

గడ్డ పరీక్ష రిపోర్టు వారం తర్వాత వచ్చింది. వీటిలో ఏ, ఏబీ, బీ1, బీ2, బీ3 అని రకాలున్నాయి, ఆమెది బీ2. సంచి దాటి పక్కనున్న కొవ్వులోకి కొంచెం పాకింది. రెండో దశ. అంచులన్నీ శుభ్రంగా ఉన్నాయి. రేడియేషన్ ఇవ్వాలా వద్దా అని డాక్టర్లు కలిసి మాట్లాడుకుని, ఆమెకి అవసరం లేదు, స్కాన్లతో కనిపెట్టుకుని ఉందాం అన్నారు. ఈ గడ్డ ఎన్నో ఏళ్ళ తర్వాత కూడా తిరిగి రావచ్చు కాబట్టి పదేళ్ళయినా స్కాన్లు మానకూడదు.

గడ్డ తీయగానే అన్నీ మాయమవుతాయనుకున్నాం. కాలేదు. ఆ జబ్బు మెల్లగా, నెలల మీద, ఏళ్ళ మీద తగ్గుతుంది. అందరికీ పూర్తిగా తగ్గదు కూడా. స్టీరాయిడ్‌తో మొహం ఉబ్బింది, షుగర్ కాస్త పెరిగింది. ఆ ఉబ్బిన మొహం చూసి ఊళ్ళో ఒకామె, "ఒళ్ళు చేశావే, కాలు కింద పెట్టనీయడం లేదా మీ అక్క?" అంది. ఇదివరకైతే నేనూ నవ్వేదాన్ని. ఆ రోజు ఆమెని కూర్చోబెట్టి మొత్తం చెప్పి పంపించాను.

మాత్రలకి టైము ముఖ్యం. అన్నానికి అరగంట ముందు వేసుకుంటే నమలడానికి, మింగడానికి బలం ఉంటుంది. ఇంకొకటి, ఈ జబ్బున్నవాళ్ళకి కొన్ని మందులు ప్రమాదం. జెంటామైసిన్, సిప్రోఫ్లాక్సాసిన్, అజిత్రోమైసిన్ లాంటి యాంటీబయాటిక్స్, మెగ్నీషియం ఇంజెక్షన్, కొన్ని బీపీ మందులు. డాక్టరమ్మ ఒక కార్డు రాసిచ్చారు. పోయిన చలికాలం ఆమెకి జ్వరం వచ్చి దగ్గర్లో చూపిస్తే, అక్కడ జెంటామైసిన్ సూదిలోకి ఎక్కించేశారు. మా అమ్మాయి బ్యాగులోంచి కార్డు తీసి, "ఇది మా చిన్నమ్మకి వేయకూడదు" అని చెయ్యి అడ్డం పెట్టింది. పదమూడేళ్ళ పిల్ల. వాళ్ళు నెల్లూరుకి ఫోన్ చేసి కనుక్కుని, మందు మార్చారు.

మరుసటి ఏడాది మొహర్రానికి ఆమే రొట్టెలు చేసింది. పొద్దున్నే, చేతుల్లో బలం ఉన్నప్పుడు. చెరువు నీళ్ళలో నిలబడి, "ఆరోగ్య రొట్టె, ఆరోగ్య రొట్టె" అని పిలిచింది. ఒక ముసలామె, చేతిలో మనవడో ఎవరో, వచ్చి తీసుకుంది. ఎవరో ఏమిటో మేమూ అడగలేదు, ఆమే చెప్పలేదు.

ఇప్పుడు మా ఇంట్లో లెక్క మారింది. పొద్దుటి వంట ఆమెది, రాత్రి వంట నాది. మా అమ్మాయి జడ కూడా పొద్దుటి పూటకే మారింది. కొన్ని సాయంత్రాలు ఆమె బాగానే ఉండి, నా పక్కన పీట వేసుకుని కూరలు తరుగుతుంది, రెండు కళ్ళతో. కొన్ని సాయంత్రాలు రెప్పలు కొంచెం వాలతాయి. అప్పుడు నేనే, "పోయి పడుకో అమ్మీ" అంటాను.

మీ ఇంట్లో కూడా కోడలో, అత్తో, ఆడబిడ్డో, పొద్దున బాగుండి సాయంత్రానికి డీలా పడిపోతుంటే, రెప్పలు వాలుతుంటే, ఒకటి రెండుగా కనపడుతుందంటే, నమలలేక గొంతు మారుతుంటే, ఏదో ఒక మాట అనేముందు నరాల డాక్టరుకి చూపించండి. వీలైతే సాయంత్రం పూటే తీసుకెళ్ళండి.